బంగారు నేలలో వైద్యుడు



బంగారము దొరకినదన్న వార్త మనుష్యులను కదలించినంత వేగముగా మఱియే వార్తయు కదలింపజాలదు. ఒకచోట పంటలు బాగుగా పండుచున్నవన్నను, ఒకచోట విద్య చక్కగా చెప్పుచున్నారన్నను మనము నలుగురితో ఆలోచించి, పంచాంగము చూచుకొని బయలుదేరుదుము. బంగారమన్నచో ముందు కాళ్లు బయలుదేరును. ఆలోచన తరువాత వచ్చును. అట్లు బయలుదేరిన జనము వెంట రోగమును బయలుదేరును. రోగమున్నచోటికి వైద్యుడు పోవలసినదే గదా. నూటడెబ్బదియేండ్లకు పూర్వము అమెరికా ఖండమున అట్టి జనము నడుమ పనిచేసిన వైద్యులను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయుదును.

అమెరికా పడమటి సముద్రతీరమున కాలిఫోర్నియా అను రాష్ట్రము కలదు. 1848వ సంవత్సరము జనవరి 24వ తేదీన, అచ్చటి కొలోమా అను చోట, అమెరికన్ నది యొడ్డున, జాన్ సట్టర్ అను భూస్వామికి కొయ్యకోత మిల్లు కట్టబడుచుండెను. పని చేయించుచున్న జేమ్స్ మార్షల్ అను వడ్రంగి నీటికాలువలో మెఱయుచున్న కొన్ని రేణువులను చూచి యేరెను. అవి బంగారము. తొమ్మిది దినముల తరువాత, ఫిబ్రవరి 2వ తేదీన, యుద్ధమున ఓడిన మెక్సికో దేశము ఆ ప్రాంతమునంతయు అమెరికా సంయుక్త రాష్ట్రములకు వదలుకొనుచు సంధిపత్రము వ్రాసియిచ్చెను. ఇచ్చినవారికి గాని పుచ్చుకొన్నవారికి గాని ఆ నేలలోని బంగారపు సంగతి అప్పటికి తెలియదు. ఆ యేడు డిసెంబరు 5వ తేదీన అధ్యక్షుడైన పోల్క్ స్వయముగా చట్టసభకు ఈ వార్తను నిజమని తెలుపగా, 1849లో లోకమే కాలిఫోర్నియా వైపునకు కదలినది.

బంగారపు గని యనగానే మనకు కోలారు జ్ఞప్తికి వచ్చును. అచ్చట కంపెనీవారు యంత్రములు పెట్టి, వేల అడుగుల లోతున రాతినుండి బంగారము తీయించిరి. 2001లో ఆ గనులు మూతపడినవి. కాలిఫోర్నియాలో తొలినాటి పద్ధతి అది కాదు. కొండల నుండి కొట్టుకొనివచ్చిన బంగారము ఏటి యిసుకలోనే కలసియుండెను. ఒక పార, ఒక గునపము, ఇసుక కడుగుటకు ఒక రేకు పళ్లెము ఉన్నచో ఎవడైనను పని మొదలుపెట్టవచ్చును. కనుకనే రైతులు, గుమాస్తాలు, వకీళ్లు, ఉపాధ్యాయులు కూడ వృత్తులు విడిచి పరుగెత్తిరి. 1848 మొదట, ఆ దేశపు ఆదిమ జాతులవారిని మినహాయించినచో, కాలిఫోర్నియాలో ఉన్నవారు సుమారు 14,000 మంది. 1855 నాటికి వచ్చి చేరినవారు సుమారు 3,00,000 మంది యని అంచనా.

వైద్యులును వందలకొలదిగా వచ్చిరి. వారిలో పెక్కుమంది రోగులకొఱకు రాలేదు. వారును బంగారముకొఱకే వచ్చిరి. ఈ మాటను దాచవలసిన పనిలేదు. ఏలయన, బంగారమునకై వచ్చినవాడు రోగిని చూచి ఏమి చేసెనన్నదే నేటి మన విషయము.

మన ఆయుర్వేదమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. చరకసంహిత సూత్రస్థానములో దీనికై ప్రత్యేకముగా ఒక అధ్యాయమున్నది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి — ఈ నాలుగును తగిన గుణములతో కూడియున్నప్పుడే చికిత్స నిలుచునని పెద్దల మాట. నులకమంచమునకు ఒక కోడు విరిగినను పడుకొన్నవాడు నేలపాలగును గదా. బంగారు నేలలో ఈ నాలుగు పాదములును ఎట్లుండెనో వరుసగా చూతము.

మొదటి పాదము వైద్యుడు. నాటి కాలిఫోర్నియాలో వైద్యుడనగా ఎవడు? తలుపునకు 'డాక్టరు' అని పలక తగిలించుకొన్నవాడెల్ల వైద్యుడే. చదివినవాడే వైద్యము చేయవలెనన్న చట్టము ఆ రాష్ట్రమున 1876 వఱకును రాలేదు. కొందఱు గొప్ప వైద్యకళాశాలలలో చదివినవారు. కొందఱు మంగలికత్తితో మొదలుపెట్టి శస్త్రవైద్యులైనవారు. కొందఱు ఓడ దిగిన దినముననే ఆ బిరుదు ధరించినవారు.

దీనికొక ముచ్చట కలదు. బంగారము బయటపడుటకు పండ్రెండేండ్ల ముందే, 1836లో, జాన్ మార్ష్ అనునతడు లాస్ ఏంజెలెస్ పట్టణము చేరెను. అతడు హార్వర్డ్ విద్యాలయమున సామాన్యశాస్త్ర పట్టము పొందినవాడు. ఒక సేనావైద్యునియొద్ద కొంతకాలము వైద్యము చదివిన మాటయు నిజమే గాని, వైద్యపట్టము మాత్రము పుచ్చుకొనలేదు. అతని పట్టాకాగితము లాటిన్ భాషలో ఉండెను. మనకు సంస్కృతమెట్లో వారికి లాటిన్ అట్లు. పట్టణసభవారికి ఆ భాష తెలియదు. మార్ష్ ఆ కాగితమును చూపి ఇది నా వైద్యపట్టా యనగా, వారు నమస్కరించి అనుమతి నిచ్చిరి. ఆ యూరిలో నాణెములు అరుదు గనుక, పశువుల తోళ్లనే అతనికి ఫీజుగా చెల్లించెడివారు. తరువాత అతడు ఉత్తరమున పెద్ద పశువుల క్షేత్రము సంపాదించి, ఆ ప్రాంతమునకెల్ల వైద్యుడై, తుదకు 1856లో జీతపు తగవులో కూలివారి చేత హతుడయ్యెను. మంత్రము తెలియనిచోట మ్రోగినదెల్ల మంత్రమే యగునని ఈ కథ వలన తెలియుచున్నది.

అయితే అందఱును మార్ష్ వంటివారు కారు. న్యూయార్కులో క్రమముగా వైద్యము చదివిన జేకబ్ స్టిల్మన్ అను యువకుడు 1849 జనవరిలో 'పసిఫిక్' అను ఓడనెక్కెను. నాడు ఖండమును దాటు రైలుమార్గము లేదు, పనామా కాలువ లేదు. తూర్పుతీరము నుండి పడమటితీరమునకు పోవుటకు మూడు దారులు. ఒకటి దక్షిణ అమెరికా కొసను చుట్టి సముద్రముపై పోవుట. ఐదారు నెలలకు తక్కువ పట్టదు. రెండవది పనామా భూసంధి నడవులగుండ దాటుట. అది జ్వరముల పుట్ట. మూడవది ఎద్దుబండ్లపై ఇంచుమించు రెండువేల మైళ్లు పోవుట. 1849, 1850 సంవత్సరములలో ఆ బాట పొడవున విషూచి వలన చనిపోయినవారి గోతులే. స్టిల్మన్ మొదటి దారిని వచ్చి, ఆగస్టు నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో రేవున దిగెను. నెలల తరబడి ఉప్పుమాంసము, ఎండు రొట్టె తిని వచ్చు అట్టి ఓడలలో రోగులు లేని ఓడ అరుదు. కనుక వైద్యుడు నేలపై కాలు మోపక ముందే వైద్యము మొదలయ్యెడిది.

నాటి వైద్యుని ఫీజు విన్నచో మీరు ఆశ్చర్యపడుదురు. ఒక్కమారు రోగిని చూచుటకు ఒక ఔన్సు బంగారుపొడి. మన లెక్కలో అది రెండున్నర తులములకు కొంచెము పైమాట. నాటి ధరకు 16 డాలర్లు. తూర్పు రాష్ట్రములలో కూలివానికి దినమునకు ఒక డాలరు దొరకుట గొప్ప. అయినను వైద్యులు ధనికులైపోయిరని తలపరాదు. ఆ యూళ్లలో గుడారపు అద్దె, రొట్టె, కట్టెలు, మందులు అన్నియు బంగారముతో సమానముగా తూగెడివి. పైగా రోగమున పడినవానియొద్ద బంగారము ఉండుట అరుదు. ఉన్నవాడు రోగమున పడకముందే జూదపుటింట దానిని వదలుకొనెడివాడు. పళ్లెము పట్టి ఇసుక కడుగబోయిన వైద్యులు చేతులు బొబ్బలెక్కి, నడుము పట్టి, మరల మందుపెట్టె తెఱచిరి. తెఱచిన పెట్టెయెదుట నిలిచినవాడు డబ్బు లేనివాడైనచో పొమ్మనుటయా, చూచుటయా? ఈ ప్రశ్న వారికి దినదినమును ఎదురయ్యెడిది.

రెండవ పాదము ఔషధము. వారి పెట్టెలో ఏమేమి ఉండెను? చలిజ్వరమునకు క్వినైన్, నొప్పికిని విరేచనములకును నల్లమందు, అన్నింటికిని కాలొమెల్ అను పాదరసపు మందు. వీనిలో క్వినైన్ నిజముగా ప్రాణము నిలిపెడిది. పాదరసము తఱచు పండ్లూడగొట్టి, బలహీనుని మఱింత బలహీనుని చేసెడిది. నెత్తురు తీయు పద్ధతియు ఇంకను పోలేదు. 1846 అక్టోబరులో బోస్టన్ నగరమున ఈథర్ పీల్పించి, నొప్పి తెలియకుండ శస్త్రము చేయవచ్చునని నిరూపించిరి. కనుక గనిలో కాలు నలిగినవానికి, తుపాకిగుండు తగిలినవానికి స్పృహ లేకుండ అవయవము తీయుట సాధ్యమే. కాని చేతులను, కత్తులను క్రిమిరహితము చేయవలెనన్న లిస్టర్ బోధ 1867లో గాని రాలేదు. శస్త్రమున బ్రతికినవాడు తరువాత పుండు కుళ్లి చనిపోవుట సామాన్యము.

ఆ నేలలో తఱచు కనబడిన రోగము స్కర్వీ. చిగుళ్లు వాచి నెత్తురు కారును, పండ్లు కదలును, కాళ్లు నల్లబడును, ఎప్పుడో మానిన గాయము మరల విచ్చును. పందిమాంసము, పిండి, చిక్కుడుగింజలు దప్ప ఆకుకూరగాని పండుగాని నెలల తరబడి నోట పడకపోవుటయే కారణము. 1747లోనే జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు నిమ్మజాతి పండ్లతో ఇది కుదురునని పరీక్షించి చూచెను. తెలిసిన మందే; కాని ఆ కొండలలో నిమ్మపండేది? ఉల్లిగడ్డ, బంగాళాదుంప బంగారపు ధర పలికినవి. విచిత్రమేమనగా, ఆ వాగుల యొడ్డుననే ఒక చిన్న యాకుకూర విస్తారముగా మొలచుచుండెను. ఆదిమ జాతులవారు దానిని ఎప్పటినుండియో తినుచుండిరి. గనిపనివారు ఆలస్యముగా నేర్చిరి. నేటికిని ఆ యాకునకు ఆంగ్లమున 'గనిపనివాని కూర' అనియే పేరు. మన పెరటి ఉసిరిక వంటిది కాళ్లక్రింద నుండగా, దానిని త్రొక్కుకొనుచు పోయి పండ్లూడి పడియుండిరన్నమాట.

ఆ నేలకు చీనాదేశము నుండియు వేలమంది వచ్చిరి. వారు కాచిన నీటితో తేనీరు చేసికొని త్రాగెడివారు. అందువలన ఏటినీరు త్రాగినవారికంటె వారికి ఉదరరోగములు తక్కువగా నుండెడివి. వారిలో యీ ఫంగ్ చియుంగ్ అను మూలికావైద్యుడు ఫిడిల్‌టౌన్ అను ఊరిలో మందుల దుకాణము పెట్టెను. దిమ్మిసతో మట్టిని బిగించి కట్టిన గోడల ఆ దుకాణము నేటికిని నిలిచియున్నది. 1862లో రాష్ట్రగవర్నరు భార్య ఊపిరితిత్తుల జబ్బుతో మంచమెక్కి, తమ వైద్యుల మందులకు కుదురకపోగా, ఈ చీనా వైద్యుని పిలిపింపగా అతని మూలికతో ఆమె కోలుకొనెనని చెప్పుదురు. పట్టా యున్నవానికి తెలియనిది లేనివానికి తెలియుటయు లోకమున కలదు. మార్ష్ కథను విని నవ్వినవారు ఈ కథనుగూడ విని జ్ఞప్తియందుంచుకొనవలెను.

మూడవ పాదము పరిచారకుడు. రోగికి మందు ఇచ్చునది వైద్యుడైనను, నోట గంజి పోయునది తల్లియో భార్యయో అక్కచెల్లెలో. 1850 నాటి కాలిఫోర్నియాలో నూటికి తొంబదిమందికి పైగా మగవారే. గుడారములో ఒంటరిగా జ్వరమున పడియున్నవానికి దాహమిచ్చు దిక్కు లేదు. ప్రక్కవాడు స్నేహితుడే, కాని వాడు తెల్లవారగానే ఏటిలోనికి పోవలెను. కూలికి మనుష్యుని పెట్టుదమన్నచో ఆ కూలి వైద్యుని ఫీజుతో పోటీ పడెడిది.

ఈ లోటును చూచియే స్టిల్మనును, వెర్మాంట్ రాష్ట్రమున పుట్టిన జాన్ మోర్స్ అను మఱియొక వైద్యుడును కలసి సాక్రమెంటో పట్టణమున 1849 డిసెంబరులో ఒక ఆసుపత్రి కట్టిరి. సాక్రమెంటో గనులకు పోవు దారికి ముఖద్వారము. సంవత్సరము క్రిందట పొలముగా ఉన్న ఆ చోటు గుడ్డ గుడారముల పట్టణమై, వచ్చువారితోను పోవువారితోను కిటకిటలాడుచుండెను. ఆసుపత్రి తెఱచి నెలయైనను నిండలేదు; 1850 జనవరిలో ఏఱు పొంగి పట్టణమునంతయు ముంచెను. ఆసుపత్రి క్రింది యంతస్తు నీటిపాలయ్యెను. వైద్యులిద్దఱును రోగులను మీది యంతస్తునకు చేర్చి, పడవలపై వచ్చినవారికిని అచ్చటనే చోటిచ్చిరి. చుట్టును నీరు, మధ్య ఒక కొయ్యమేడ, దానిలో జ్వరములు, విరేచనములు, ఆకలి. కొత్తగా పెట్టిన సొమ్ము ఏమైనదని లెక్క చూచుకొను సమయము కాదది. ఆ పట్టణమున దిక్కులేని రోగులను పోషించుటకును, చనిపోయినవారికి శవపేటికలు కొనుటకును కొన్ని సోదరసంఘములవారు చందాలు వేసికొనిరి. శిక్షణ కలిగిన స్త్రీ పరిచారికలు శాన్‌ఫ్రాన్సిస్కోకు వచ్చినది 1854 డిసెంబరులో. వారు ఐర్లండు నుండి వచ్చిన క్రైస్తవ సన్న్యాసినులు. మఱుసటి యేడు విషూచి మరల రాగా, వారే నగరపు ఆసుపత్రిలో రోగులకు పరిచర్య చేసిరి.

నాలుగవ పాదము రోగి. రోగి వైద్యుని మాట వినువాడై యుండవలెనని శాస్త్రము. గనిపనివాడు వినడు. మంచు కరగిన నీటిలో తొడలలోతున పగలంతయు నిలుచును, నెత్తిపై ఎండ, రాత్రి తడినేలపై పడక. 'పది దినములు పండుకొనుము' అని వైద్యుడనును. పది దినములు పండుకొన్నచో తన గుర్తుకొయ్యలు నాటిన చోటును మఱియొకడు ఆక్రమించును. కనుక వాడు క్వినైన్ మ్రింగి, వణకుచునే ఏటిలో దిగును. ఇంటికి ధనవంతుడనై వచ్చెదనని జాబు వ్రాసి వచ్చినవాడు, ఇంటనుండి అప్పు తెచ్చినవాడు రోగినని ఒప్పుకొనుటకే ఇష్టపడడు.

ఈ నాలుగవ పాదమున ఇంకొక మాట చెప్పక విడువరాదు. ఆ నేలలో అందఱికంటె ఎక్కువగా బాధపడినవారు వైద్యుల లెక్కలోనికే రాలేదు. వారు ఆ దేశపు ఆదిమ జాతులవారు. 1833లోనే బయటివారు తెచ్చిన చలిజ్వరము సాక్రమెంటో లోయలోని వారి పల్లెలను పాడుపెట్టెను. బంగారము బయటపడిన తరువాత వారి చేపల ఏళ్లు బురదపాలైనవి. పొట్టపోసికొను అడవులు పోయినవి. రోగములకు తోడు ఆయుధములు ధరించిన దండులు వారిని చంపినవి, ఆ దండుల ఖర్చు రాష్ట్రప్రభుత్వమే చెల్లించినది. సుమారు 1,50,000గా నుండిన వారి సంఖ్య 1870 నాటికి 30,000కు దిగినదని చరిత్రకారుల అంచనా. బంగారపు కథ చెప్పి ఈ లెక్క చెప్పకపోవుట అబద్ధము చెప్పుటతో సమానము.

ఇట్లు నాలుగు పాదములును కుంటుచుండగా 1850 అక్టోబరు మాసము వచ్చెను. కాలిఫోర్నియాను సంయుక్త రాష్ట్రములలో ఒక రాష్ట్రముగా చేర్చుకొన్న శుభవార్తను తీసికొని 'ఆరెగాన్' అను పొగయోడ 18వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో చేరెను. జనులు ఫిరంగులు ప్రేల్చి పండుగ చేసికొనిరి. ఆ యోడలోనే విషూచియు వచ్చెనని చెప్పుదురు. రెండు దినములకు సాక్రమెంటో ఏటిగట్టుపై అప్పుడే దిగిన ప్రయాణికుడొకడు కుప్పకూలెను. పిదప రోగము పట్టణమంతటను వ్యాపించెను.

విషూచి యెట్టిదో మన పల్లెటూళ్ల పెద్దలకు నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. ఉదయమున బజారులో కనబడినవాడు సాయంకాలమునకు లేడనిపించు రోగమది. పట్టణ ప్రజలలో అత్యధికులు, ఇంచుమించు అయిదింట నాలుగు వంతులవారు, మూటలు కట్టుకొని పాఱిపోయిరి. వారిని తప్పుపట్టరాదు, బ్రతుకగోరుట దోషము కాదు. పాఱిపోవుటకు వైద్యులకును దారులు తెఱచియే యున్నవి. వారిని ఆపు చట్టము లేదు. జీతమిచ్చు సర్కారు లేదు. ఔన్సు బంగారమిచ్చు రోగియు ఇప్పుడు లేడు. బంగారమునకై సముద్రములు దాటి వచ్చినవారు ఆ మూడు వారములు ఏ బంగారమునకై నిలిచియుండవలెను?

నిలిచిరి. చదివిన వైద్యులలో ఒక్కడైనను పట్టణమునకు వెన్ను చూపలేదని మోర్స్ తరువాత వ్రాసిపెట్టెను. అతడును వారిలో ఒకడు. గుడారమునుండి గుడారమునకు పోయిరి. తెలిసినంతలో నల్లమందు, కర్పూరము, బ్రాందీ, ఆవపిండి పట్టు, పాదరసము ప్రయోగించిరి. మూడు వారములలో పట్టణమున చనిపోయినవారి సంఖ్యను 600 మొదలు 1,000 వఱకు చెప్పుదురు. వారిలో వైద్యులు 17 మంది. ఆ చిన్న పట్టణమున వైద్యవృత్తిలో ఉన్నవారి సంఖ్యను తలచినచో, ఏ సైన్యమును ఒక యుద్ధమున అంత నష్టమునకు గురియై నిలువజాలదు. ప్రజలచే ఎన్నుకోబడిన మొదటి నగరాధ్యక్షుడు హార్డిన్ బిగెలో అను నతడు. వరద తరువాత ఏటికి కట్ట పోయించిన ఉపకారి. ఆగస్టులో భూముల తగవులో తుపాకిదెబ్బలు తిని, ఒక చేయి తీసివేయబడి, శాన్‌ఫ్రాన్సిస్కోలో కోలుకొనుచుండగా నవంబరులో ఈ విషూచియే అతనిని తీసికొనిపోయెను.

శ్రోతలారా, ఇచ్చట మనము ఒక కఠినమైన సత్యమును చూడవలసియున్నది. ఆ 17 మంది ప్రాణములు ధారవోసిరి. కాని వారి మందుల వలన ఎందఱు బ్రతికిరి? బహుశః కొలదిమంది. ఏలయన, రోగమునకు కారణము వారికి తెలియదు. చెడుగాలి యనిరి, భయమనిరి, పండ్లు తినుట యనిరి. పట్టణమువారు ఏ ఏటిలో, ఏ మడుగులో మురికి పాఱబోసిరో ఆ నీరే త్రాగుచుండిరి. నీటివలన విషూచి వచ్చునని లండనులో జాన్ స్నో అను వైద్యుడు 1849లోనే ఒక చిన్న పుస్తకము వ్రాసెను. 1854లో ఒక వీధి నీటిపంపును చూపి నిరూపించెను. ఆ మాట బంగారు నేలకు చేరలేదు. లండనులోనే పలువురు నమ్మలేదు. రోగి నెత్తురునుండి నీరును ఉప్పును పోవుటచే చనిపోవుచున్నాడని గ్రహించి, 1832లో స్కాట్లండున థామస్ లాట్టా ఉప్పునీటిని నరములలోనికి ఎక్కించి కొందఱిని బ్రతికించెను. అదియు మఱుగున పడెను.

మిగిలిన జ్ఞానము మన దేశమున బయటపడినది. 1884లో రాబర్ట్ కోఖ్ అను జర్మను పండితుడు కలకత్తాలో రోగుల ప్రేగులలోను, వారు వాడుకొన్న చెఱువు నీటిలోను విషూచి క్రిమిని చూపెను. కాలిఫోర్నియా వైద్యులు క్వినైన్ ఇచ్చి తగ్గించిన చలిజ్వరమునకు మూలమేమో 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనుగొనెను. దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమి అతని కంటబడినది. 1971లో బంగాళ సరిహద్దున బనగాఁవ్ శరణార్థి శిబిరములో దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు, సూదిమందు నీళ్లు చాలక, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నింపి రోగుల బంధువుల చేతనే త్రాగించెను. నూటికి ముప్పదిమంది చనిపోవుచుండిన చోట నలుగురికంటె తక్కువమంది చనిపోయిరి. సాక్రమెంటో వైద్యునికి కావలసిన మందు అతని వంటపెట్టెలోనే యుండెను. ఉప్పు, చక్కెర, కాచిన నీరు. అది మందని చెప్పువాడు లేడు.

కనుక ధైర్యము వేఱు, జ్ఞానము వేఱు. ధైర్యము ఒక మనుష్యునికి ఒక్క రాత్రిలో కలుగవచ్చును. జ్ఞానము పలువురి శ్రమచే, తరములు గడచిన పిమ్మట గాని చేతికందదు. ధైర్యము లేని జ్ఞానము రోగియొద్దకు పోదు. జ్ఞానము లేని ధైర్యము రోగియొద్దకు పోవును గాని బ్రతికింపజాలక, అతని ప్రక్కననే పడిపోవును. సాక్రమెంటోలో జరిగినది ఈ రెండవది.

బ్రతికిన వైద్యులు దీనిని గుర్తించిరనుటకు తార్కాణములు కలవు. మోర్స్ మఱి మూడేండ్లకు సాక్రమెంటో పట్టణ చరిత్రను వ్రాసి, ఆ దినములను మఱపునకు పోనీయలేదు. 1856లో వైద్యులు సాక్రమెంటోలోనే కూడి రాష్ట్ర వైద్యసంఘమును స్థాపించిరి. 1850లో ఆ పట్టణమునకు వచ్చి స్థిరపడిన థామస్ లోగన్ అను వైద్యుడు ఏటేట వానలను, వేడిని, మరణములను పట్టికలు వ్రాసి, 1870లో ఏర్పడిన రాష్ట్ర ఆరోగ్యసభకు మొదటి కార్యదర్శి యయ్యెను. 1876లో వైద్యమునకు పట్టా కావలెనన్న చట్టము వచ్చెను. లాటిన్ కాగితము చూపి వైద్యుడగు కాలము అంతటితో తీరెను.

నేను బడిలో పిల్లలకు భూగోళము చెప్పు దినములలో కాలిఫోర్నియా యనగానే 'బంగారము' అని వారు ఒక్క గొంతుతో అనెడివారు. ఆ బంగారములో అధికభాగము ఎవరి చేతులలో మిగిలినదో చెప్పుట కష్టము; దానిని కనుగొన్న మార్షల్, ఆ మిల్లుకు యజమానుడైన సట్టర్, ఇద్దఱును దానివలన బాగుపడక, ధనహీనులై చనిపోయిరి. ఆ నేలనుండి మన గ్రామములకు తెచ్చుకొనదగినది వేఱొకటి యున్నది. మన యూరికి రాత్రివేళ పిలిచిన వచ్చు వైద్యుడున్నచో అతనికి మిగిలిన మూడు పాదములును మనమే సమకూర్పవలెను. మందు దొరకునట్లు చూచుట, రోగియొద్ద కూర్చుండుట, చెప్పిన మాట వినుట మన పని. వానకాలము రాకముందే మంచినీటి బావి చుట్టును గట్టు కట్టించి, మురుగు అందులోనికి దిగకుండ కాలువ మలపించుటయు మన పనియే. ఆ పని జరిగిన యూర వైద్యుడు తన ప్రాణమును పణముగా పెట్టవలసిన దినము రాదు. 1850లో సాక్రమెంటో ఏటిగట్టున లేకపోయినది ఆ గట్టును, ఆ కాలువయునే.